దత్తబిడ్డకు వచ్చిన జాబు

గత వేసవిలో మా వారియొద్ద చదువుకొన్న యువతి యొకతె మా యింటికి వచ్చెను. చేతిలో కచేరినుండి వచ్చిన జాబు. "అమ్మగారూ, మీరే చదివి చెప్పండి, నాకు ధైర్యము చాలడము లేదు" అని మా వసారాలో కూర్చుండెను.

పెంచిన తల్లిదండ్రులు ఆమెకు దత్తత సంగతి పెండ్లిచూపులకు ముందు చెప్పిరి. అదియు నెదుటివారి కెవరేని చెప్పుదురను భయముచేతనే. ఈ విషయమున మేము వారిని మెచ్చుకొనజాలము. కుంతీదేవి కర్ణుని జన్మమును తిలోదకముల వేళవరకు దాచినందుకు, ఆడువారి నోట రహస్యము నిలువకుండుగాకయని ధర్మరాజు శపించెను. కృష్ణుడును, కర్ణుడును దాచినవారే; వారి మాట యెవరెత్తుదురు?

2022 నాటి దత్తత నిబంధనల ప్రకారము పదునెనిమిదేండ్లు నిండినవారు తమ మూలములను తెలిసికొనుటకు తామే అర్జీ పెట్టుకొనవచ్చును. అంతకు చిన్నవారు పెంచినవారితో కలసి పెట్టవలెను. పరాయివారు వెదకుటకు వీలులేదు. కన్నవారు తమ పేరు గుప్తముగా నుంచుడని కోరియున్నచో వారి సమ్మతి యడుగుదురు. సమ్మతింపకున్నను, వారు కానరాకున్నను, బిడ్డనెందుకు, ఏ స్థితిలో అప్పగించిరో ఆ సంగతి మాత్రము తెలుపవలెను. అయితే కాగితములన్నియు సత్యమే పలుకునని నమ్మరాదు. లంబాడీ తండాల ఆడశిశువులను కొని దత్తత సంస్థలకు చేర్చిన సంగతులు 2001లో హైదరాబాదులో బయటపడినవి.

ఇట్టి జాబును ఒంటరిగా విప్పరాదని మా యభిప్రాయము. ఇంగ్లండులో 1975 చట్టము పెద్దవారైన దత్తబిడ్డలకు జన్మపత్రము చూచు హక్కునిచ్చెను గాని, అంతకు పూర్వము దత్తతపోయినవారు మొదట నొక సలహాదారుతో మాటలాడి తీరవలెనని విధించెను. రహస్యము దాగునని నమ్మి బిడ్డలనిచ్చిన తల్లులు అక్కడను ఉండిరి గదా.

మేము మెల్లగా చదివితిమి. తల్లి జీవించియున్నది, పేరు తెలుపుట కొప్పుకొనలేదు. అది కరవు యేడు. భర్త బెంగుళూరికి కూలికి పోయి తిరిగి రాలేదు. అప్పటికే యిద్దరు బిడ్డలు. ఏడాదికి అయిదువందల యేబది మిల్లీమీటర్ల వానయైన నమ్మకముగా కురియని మా అనంతపురపు సీమలో ఈ మాటలకు వ్యాఖ్యానము అక్కరలేదు.

"ఇద్దరినీ ఉంచుకొని నన్నే యెందుకిచ్చింది?" అని ఆ పిల్ల యడిగెను. మాకు ప్రత్యుత్తరము తోచలేదు. చివర నింకొక వాక్యమున్నది. మనసు మార్చుకొనుటకు కన్నవారికి గడువొకటి యుండును. ఇప్పటి చట్టమున నది రెండునెలలు. ఆ తల్లి గడువులోగా ఒకమారు వచ్చి, బిడ్డను చూచి, వెడలిపోయినది. ఆ వాక్యమును మాచేత మూడుమార్లు చదివించెను.

సాయంకాలము పెంచిన తల్లి వెదకుచు వచ్చి గుమ్మమునొద్దనే నిలిచెను, లోనికి రాలేదు. పిల్ల లేచి, "నువ్వూ చదువమ్మా" అని జాబు చేతికిచ్చెను. ఆమె కండ్లద్దములు తెచ్చుకొనలేదు. ఇద్దరిని ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టి, మరల మొదటినుండి మేమే చదివితిమి.