పెద్దల చేతికి క్రొత్త పలక

పురావస్తుశాలలయందును, ప్రాచీన గ్రంథాలయములయందును జీతము గోరక సేవచేయు పెద్దలు కొందఱు కలరు. వచ్చినవారికి శాసనమును చదివి చెప్పుట, తాళపత్రమును విప్పి చూపుట వారి పని. ఇపుడా పనికి కంప్యూటరును, సెల్‌ఫోనును నేర్వవలసివచ్చినది. వారు వెనుదీయుట ముసలితనపు మొండిపట్టని పిల్లలందురు. నే నా మాట నొప్పుకొనను.

మానవుడు క్రొత్త యంత్రము నేల చేపట్టునని ఫ్రెడ్ డేవిస్ అను అమెరికా పండితుడు 1989లో విచారించి రెండు హేతువులు చెప్పెను: అది తన పనికి వచ్చునన్న నమ్మకము, వాడుట సులభమన్న నమ్మకము. తరువాతివారు వయస్సునుగూడ లెక్కకు దెచ్చిరి. అయినను మూల మీ రెండే.

కడపలో సి. పి. బ్రౌను దొర బంగళా యున్న చోటనే నేడాయన పేర గ్రంథాలయ మున్నది. ఆయన నిఘంటువును షికాగో విశ్వవిద్యాలయమువారు అంతర్జాలమున నుంచినారు. మా బనగానపల్లెలో అరుగుమీద గూర్చున్న వృద్ధునకు పాత దస్తావేజులో తెలియని మాట తగిలినచో, దానికై బస్సెక్కి కడపకు బోనక్కఱలేదు. ఇది యొక్కటి చూపినచో అద్దములు సవరించుకొని తానే ముందుకు జరుగును.

సౌలభ్యము సంగతి వేఱు. "ఇది నొక్కు, అది నొక్కు" అని మనుమలు నేర్పుదురు. కారణము తెలియదు గనుక మఱునాటికి మఱపు. వ్యాకరణము చదివినవారికి వేఱు త్రోవ కలదు. యూనికోడు అను సంకేతపద్ధతిలో 'స్త్రీ' యనునది యొక బొమ్మ కాదు: సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము, వెరసి ఆరు గుర్తులు. గురువులు సంయుక్తాక్షరమును విడదీసి చెప్పిన క్రమమే యిది! ఈ సంగతి ముందు జెప్పినచో మీటల పలక పరాయిదిగా దోపదు. సన్నని అక్షరములును, మాటిమాటికి స్థలము మాఱు గుర్తులును మాత్రము నిజమైన చిక్కులే. అవి చేసినవారి లోపములు, చూచువారివి కావు.

త్వరపడవలసిన కారణ మొకటి కలదు. బనగానపల్లె సంస్థానము 1948లో మద్రాసు రాష్ట్రమున గలిసినది. ఆ పాలనను గన్నులార జూచి జ్ఞప్తియందుంచుకొన్నవారికి ఇప్పటికి ఎనుబది దాటినది. గొలుసుకట్టు వ్రాతను తడబడక చదువువారును అరుదైపోవుచున్నారు. పత్రమునకు ఛాయాచిత్రము ఎప్పుడైనను తీయవచ్చును. దానిని చదివి చెప్పు గొంతు రేపటికి దొరకదు. కాబట్టి మొదటి పాఠము అక్షరములు కొట్టుట గాక, ఫోనులో గొంతు నిలుపుట కావలయును. దస్తావేజును ముందుంచుకొని, ఎఱ్ఱని గుండ్రముమీద నొక్కి, పంక్తి పంక్తిగా చదువుట. ఆ పూట కంతే. మఱుసటి వారము పిల్లవా డా ధ్వనిని వినుచు అక్షరములు గూర్చును, తప్పిన చోట పెద్దాయన ఆపును, దిద్దినది పురావస్తుశాలకు జేరును.