ఒకే రాయి, వేర్వేరు శస్త్రచికిత్సలు: తేడాలు ఎందుకు, జాగ్రత్తలు ఏవి?

మూత్రపిండంలో రాయి ఉన్నదని తెలిసిన రోగి హోసూరులో ఒక వైద్యుని, కృష్ణగిరిలోనో బెంగళూరులోనో మరొక వైద్యుని సంప్రదించినప్పుడు, ఒకే స్కాన్ చూసి ఇద్దరూ రెండు పద్ధతులు సూచించడం అరుదు కాదు. ఒకరు వీపు వైపు నుండి చిన్న రంధ్రం చేసి రాయిని తీస్తామంటారు. మరొకరు కోత లేకుండా లేజర్‌తో పొడి చేస్తామంటారు. ఖర్చులోనూ, ఆసుపత్రిలో ఉండవలసిన రోజులలోనూ వ్యత్యాసం ఉంటుంది. ఇద్దరిలో ఎవరో ఒకరు మోసగిస్తున్నారన్న అనుమానం కుటుంబానికి కలగడం సహజం. అయితే సలహాలు వేరైనంత మాత్రాన అందులో మోసం ఉన్నట్లు కాదు. వైద్యుని అనుభవాన్ని బట్టి మారదగిన విషయాలు కొన్ని ఉన్నాయి. ఏ వైద్యుడైనా విడువరాని జాగ్రత్తలు మరికొన్ని ఉన్నాయి. ఈ రెండింటినీ వేరుచేసి చూడగలిగితే రోగికి నిర్ణయం సులభమవుతుంది.

మూడు మార్గాలు

రాళ్లన్నిటికీ శస్త్రచికిత్స అవసరం లేదు. మూత్రనాళంలోకి దిగిన 5 మిల్లీమీటర్ల లోపు రాళ్లు చాలావరకు వాటంతట అవే మూత్రంతో పాటు బయటికి పోతాయి. అలా పోని రాళ్లకు ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది, శరీరం వెలుపలి నుండి తరంగాలు పంపి రాయిని పగలగొట్టే లిథోట్రిప్సీ. దీనిని 1980లో జర్మనీలోని మ్యూనిక్ నగరంలో తొలిసారి రోగికి ప్రయోగించారు. రెండవది, మూత్రమార్గం గుండా వంగే గుణం గల సన్నని గొట్టాన్ని మూత్రపిండం వరకు పంపి లేజర్‌తో రాయిని పొడి చేసే ఆర్.ఐ.ఆర్.ఎస్. మూడవది, వీపు లేదా పక్క భాగం నుండి మూత్రపిండంలోకి సన్నని దారి చేసి రాయిని తీసే పి.సి.ఎన్.ఎల్. ఈ పద్ధతిని 1976లో స్వీడన్ వైద్యులు ప్రపంచానికి పరిచయం చేశారు.

20 మిల్లీమీటర్లు మించిన రాయికి సాధారణంగా పి.సి.ఎన్.ఎల్. మొదటి ఎంపిక. అంతకంటె చిన్న రాళ్లకు మిగిలిన రెండు పద్ధతులు కూడా తగినవే. 10 నుండి 20 మిల్లీమీటర్ల మధ్య ఉండి, మూత్రపిండం అడుగు భాగంలో చిక్కుకున్న రాయి విషయంలోనే వైద్యుల అభిప్రాయాలు ఎక్కువగా వేరుపడతాయి.

ఒకే పద్ధతిలోనూ తేడాలు

పి.సి.ఎన్.ఎల్. అనే ఒక్క పేరు క్రింద కూడా ఆచరణ ఒకటిగా లేదు. రోగిని బోర్లా పడుకోబెట్టేవారు కొందరు, వెల్లకిలా పడుకోబెట్టేవారు కొందరు. 2007 నుండి 2009 వరకు వివిధ దేశాలలోని 96 ఆసుపత్రులలో 5,803 మంది రోగుల వివరాలను సేకరించిన ఒక అధ్యయనంలో, నూటికి సుమారు 80 మందికి బోర్లా పడుకోబెట్టి, 20 మందికి వెల్లకిలా పడుకోబెట్టి ఈ చికిత్స చేసినట్లు తేలింది. దారి వెడల్పు సాధారణ పద్ధతిలో 8 నుండి 10 మిల్లీమీటర్లు ఉండగా, ‘మినీ’ పద్ధతిలో అంతకంటె తక్కువ. ఇంకా సన్నని సూది వంటి పరికరంతో రాయిని పగలగొట్టే ‘మైక్రో’ పద్ధతిపై తొలి నివేదికను 2011లో గుజరాత్‌లోని నడియాద్ వైద్యులు వెలువరించారు. దారి చూపడానికి కొందరు ఎక్స్‌రేను, కొందరు అల్ట్రాసౌండును వాడతారు. చికిత్స ముగిశాక వీపు నుండి గొట్టం ఉంచేవారు కొందరు, లోపల స్టెంటు మాత్రమే ఉంచేవారు కొందరు.

వైద్యుడు శిక్షణలో నేర్చుకున్న విధానం, ఆసుపత్రిలో ఉన్న పరికరాలు, రాయి గట్టిదనం, రోగి శరీర స్థితి ఈ తేడాలకు ముఖ్య కారణాలు. చేయి తిరిగిన పద్ధతినే వైద్యుడు ఎంచుకోవడం రోగికి మేలే. అయితే తన వద్ద లేని పద్ధతిని గురించి కూడా రోగికి చెప్పడం వైద్యుని ధర్మం. కోత లేని పద్ధతి అన్నంత మాత్రాన అది అందరికీ మేలైనదని భావించరాదు. పెద్ద రాయికి లేజర్ చికిత్స రెండు మూడు విడతలు అవసరం కావచ్చు.

ఎవరూ విడువరాని జాగ్రత్తలు

శస్త్రచికిత్సకు ముందు మూత్ర పరీక్ష చేసి, ఇన్ఫెక్షన్ ఉంటే దానిని ముందుగా నయం చేయాలి. రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవారు ఆ విషయం తప్పక చెప్పాలి. వాటిని సొంతంగా ఆపరాదు. రాయి నొప్పితో పాటు చలిజ్వరం వస్తే అది అత్యవసర స్థితి. అడ్డుపడిన మూత్రపిండంలో చీము చేరితే ప్రాణాపాయం కలుగుతుంది. అప్పుడు మొదట స్టెంటుతోనో గొట్టంతోనో మూత్రానికి దారి కల్పిస్తారు; రాయిని తరువాత తీస్తారు.

పని కోసం ఊళ్లు మారే కుటుంబాలకు అన్నిటికంటె ముఖ్యమైనది స్టెంటు సంగతి. శస్త్రచికిత్స తరువాత లోపల ఉంచిన స్టెంటును సాధారణంగా కొద్ది వారాలలో తీసివేస్తారు. నొప్పి తగ్గిపోయినందున కొందరు దానిని మరచి సొంత ఊరికి వెళ్లిపోతారు. నెలల తరబడి లోపల నిలిచిన స్టెంటు చుట్టూ కొత్త రాయి పేరుకుంటుంది. అప్పుడు దానిని తీయడానికే మరొక పెద్ద శస్త్రచికిత్స కావలసి రావచ్చు. మూత్రపిండం దెబ్బతినే ప్రమాదమూ ఉంది. స్టెంటు ఉన్నదా, ఏ తేదీలోగా తీయాలి అన్నది డిశ్చార్జి కాగితంపై వ్రాయించుకోవాలి. మొదటి ఆసుపత్రికి తిరిగి రాలేనివారు మూత్రవ్యాధుల నిపుణుడు ఉన్న వేరొక ఆసుపత్రిలో ఆ కాగితం చూపి తీయించుకోవచ్చు.

ఖర్చు, భాష

తమిళనాడు ముఖ్యమంత్రి సమగ్ర ఆరోగ్య బీమా పథకానికి ఈ రాష్ట్ర కుటుంబ కార్డు, ఆదాయ ధ్రువపత్రం అవసరం. పరిశ్రమలలో పనిచేసేవారు తమకు ఈ.ఎస్.ఐ. వర్తిస్తుందో లేదో యాజమాన్యాన్ని అడగాలి; 2017లో దాని నెల వేతన పరిమితిని 21,000 రూపాయలుగా నిర్ణయించారు. ఆంధ్రప్రదేశ్ కార్డు ఉన్నవారు తమ రాష్ట్ర పథకం ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో చేరకముందే విచారించుకోవాలి. రాష్ట్ర ఆరోగ్య సహాయ సంఖ్య 104. ఆసుపత్రి సిబ్బందికి తెలుగు రాకపోతే ‘సిరునీరగ కల్’ అంటే మూత్రపిండంలో రాయి అని అర్థమవుతుంది.

అంగీకార పత్రంపై సంతకం చేయకముందు వైద్యుని అడగదగిన ప్రశ్నలు ఇవి:

రాయి పరిమాణం ఎంత, ఎక్కడ ఉన్నది?
ఈ పద్ధతినే ఎందుకు ఎంచుకున్నారు? వేరే మార్గం ఉన్నదా?
తమరు ఈ పద్ధతిలో ఎంతమందికి చికిత్స చేశారు?
ఒక్క విడతలో రాయి పూర్తిగా పోతుందా? పోకపోతే మరల ఖర్చు ఎంత?
స్టెంటు పెడతారా? ఎప్పుడు తీస్తారు? ఆ ఖర్చు ఇందులోనే కలిసి ఉన్నదా?

తీసిన రాయిని పరీక్షకు పంపమని కోరడం కూడా మంచిది. రాయి దేనితో ఏర్పడిందో తెలిస్తే ఆహారంలో చేయవలసిన మార్పు తెలుస్తుంది. ఏ పద్ధతిలో తీసినా రాయి మళ్లీ రావచ్చు. రోజుకు కనీసం రెండున్నర లీటర్ల మూత్రం వచ్చేటంత నీరు త్రాగడం దానికి మొదటి నివారణ. కొలిమి వద్ద, ఎండలో, గ్రీన్‌హౌసులలో పనిచేసేవారు చెమటగా పోయే నీటిని కూడా లెక్కించి మరికొంత ఎక్కువ త్రాగాలి. గుండె జబ్బు లేదా మూత్రపిండాల బలహీనత ఉన్నవారు మాత్రం ఎంత నీరు త్రాగవచ్చో వైద్యుని అడిగి తెలుసుకోవాలి.