తాతనాటి కత్తికి తిరిగి పదును

పూర్వుల సామాను పెట్టెలను సర్దునపుడు అడుగున ఒక మడతకత్తి బయటపడుట పలువురు గృహస్థులకు అనుభవమే. కొమ్ముపిడి, నల్లబడిన అలుగు, వెన్ను మీద ఎర్రని తుప్పు. వాడుకలో మంగలకత్తి అని పిలుచునది ఇదియే. అలుగు మొదట చెక్కిన అక్షరములను భూతద్దముతో చూచిన, ఇంగ్లండులోని షెఫీల్డు పేరో, జర్మనీలోని సోలింగెన్ పేరో కనబడవచ్చును. 1903లో జిల్లెట్ కంపెనీవారు మార్చుకొను బ్లేళ్ల రేజరును విక్రయింప నారంభించువరకు లోకమున గడ్డములు గీచినవి ఎక్కువగా ఈ జాతి కత్తులే.

ఇట్టి కత్తిని బాగుచేయుటకు యంత్రములు అక్కరలేదు. ఇంట నున్న వస్తువులే చాలును. కాని పాత కత్తులను తుప్పు పాడుచేసినదానికంటె, తుప్పు వదలించు ఉత్సాహము పాడుచేసినదే ఎక్కువ. దీనికి కారణము అలుగు నిర్మాణములోనే యున్నది.

అలుగు వెన్ను దళసరిగా నుండును. ప్రక్కలు రెండును లోపలికి లొత్తగా తరిగియుండును. వాదర కాగితముకంటె పలుచన. నూరునపుడు వెన్నును, వాదరను కలిపి రాతిపై ఆనించెదరు. అనగా పదును కోణమును నిర్ణయించునది మన చేయి కాదు, వెన్ను మందము. ఆ కోణము సుమారు 16, 17 డిగ్రీలు. గరుకు కాగితముతో వెన్నును అరగదీసితిమా, ఆ లెక్క తప్పిపోవును. రెండవ శత్రువు వేడిమి. ఈ ఉక్కును కాల్చి ముంచి గట్టిపరచిన పిదప, పెళుసుతనము తగ్గుటకై సుమారు 200 సెంటిగ్రేడు డిగ్రీలకు మరల కాతురు. వీధిలో సైకిలు త్రొక్కుచు త్రిప్పు సానమీద పెట్టిన, ఆ పలుచని అంచు క్షణములో అంతకు మించి వేడెక్కును. నీలిరంగు పొడసూపినదన్న ఆ చోట ఉక్కు మెత్తబడినట్లే. కూరకత్తికి చక్కగా పనికివచ్చు సాన దీనికి పనికిరాదు. సానపట్టువాని తప్పు ఇందులో ఏమియు లేదు.

కాబట్టి మొదటి పనిముట్టు కన్ను. కిటికీ దగ్గర వెలుతురులో వాదరను నిదానముగా పరిశీలింపవలెను. వెంట్రుకవంటి బీట ఒక్కటున్నను ఆ కత్తిని ముఖమునకు తేరాదు. తాతగారి గురుతుగా దాచుకొనవచ్చును. వాదర చెంత తుప్పు తిన్న లోతు గుంటలున్నను అంతే. వెన్ను దగ్గర గుంటలకు భయపడ నక్కరలేదు.

వాదర పొడవునా సెలోటేపు అంటించి, అలుగును చెక్కదిమ్మెపై చదునుగా ఆనించిన తరువాతనే పనికి పూనుకొనవలెను. గాలిలో పట్టుకొని రుద్దుట వ్రేళ్లకు ప్రమాదము. కుట్టుమిషను నూనెను తుప్పుపై రాసి ఒక రాత్రి యుంచి, పాత పళ్లబ్రష్షుతో తోమిన పొడితుప్పు ఊడివచ్చును. పిడి శీల సందులోనికి బ్రష్షు దూరదు. అచట నూనెలో తడిపిన దారమును ఇటునటు లాగవలెను. మిగిలినదానికి తెల్లని పళ్లపొడిని నూనెతో మెదిపి, పెన్సిలు గీతలు చెరుపు రబ్బరుతో రుద్దిన చాలును. ఎర్రతుప్పు పోవలసినదే. నల్లని మచ్చలను మాత్రము విడిచిపెట్టుడు. అది గట్టిగా అంటుకొనియుండు పొర. ఉక్కును కొంతవరకు కాపాడును కూడ. ఇత్తడి సామానుకు వాడు చింతపండును, నిమ్మరసమును దీని దరికి రానీయరాదు. పులుపు ఉక్కును తినివేయును. ఇటుకపొడి లోతైన గీతలు పెట్టును.

ఈ ఉక్కులో కర్బనము నూటికి ఒక పాలు, అంతకు కొంచెము పైగా నుండుటచేతనే ఇంతటి పదును నిలుచును. తుప్పుపట్టని ఉక్కులో నుండు క్రోమియము లేకపోవుటచేత త్వరగా తుప్పు పట్టును. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రములో పూర్వము మూసలలో కరగించి చేసిన ప్రసిద్ధమైన ఉక్కు కూడ కర్బనము హెచ్చుగా గలదే. 19వ శతాబ్దపు తొలినాళ్లలో లండనులో స్టోడార్టు అను కత్తుల నిపుణుడు ఇండియా ఉక్కును మెచ్చుకొని వాడెను.

పిడి సంగతి వేరు. కొమ్ముపిడి ఎండి వెలవెలబోయిన, కొద్దిగా కొబ్బరినూనె పట్టించిన కళ వచ్చును. పిడిని బొటనవ్రేలితో గట్టిగా రుద్దిన కర్పూరపు వాసన వచ్చినచో అది సెల్యులాయిడు. దానిని నిప్పునకు, వేడినీటికి దూరముగా నుంచవలెను, ఇట్టే అంటుకొనును. ముసలిదైన సెల్యులాయిడు ఆమ్లపు ఆవిరులను విడుచును. ఆ ఆవిరులకు ప్రక్కనున్న మంచి కత్తి కూడ తుప్పు పట్టును.

పదును పెట్టుటకు కిటికీ అద్దపు ముక్కపై తడిపి వాడు 2000 నంబరు ఎమరీ కాగితమును నీటితో అంటించి, వెన్నును వాదరను ఆనించి, వాదర ముందుగా నడపవలెను. బరువు వేయరాదు. కత్తిని త్రిప్పునపుడు వెన్నుపైననే దొర్లింపవలెను. ఇక తోలుపట్టా పాత నడికట్టు. దానిని పలకకు మేకులతో బిగించి, ఇచట మాత్రము వెన్ను ముందుగా నలుబది, ఏబది మారులు లాగవలెను. తోలు దొరకనిచో వార్తాపత్రికను పొడవుగా పలుమడతలు వేసి అద్దముపై పరచినను పని జరుగును. ఈ పద్ధతి చవకదని చిన్నచూపు చూడ నక్కరలేదు.

ముఖమునకు పెట్టుటకు ముందు సబ్బునీటితో కడిగి, ఆరనిచ్చి, స్పిరిటుతో తుడువవలెను. ఒకరి కత్తిని వేరొకరు వాడరాదు. హెపటైటిస్ బి వంటి వ్యాధులు రక్తపు జాడ ద్వారా సంక్రమించును. నేడు క్షురకులు మనిషి మనిషికి బ్లేడు మార్చుట ఇందుకే.

గీచుకొనిన తరువాత తుడిచి, ఒక చుక్క కుట్టుమిషను నూనె రాసి, పొడికాగితములో చుట్టి, పిల్లలకు అందని చోట పెట్టవలెను. తోలు ఒరలో మాత్రము దాచరాదు. తోలు తేమను పట్టియుంచును. వానకాలము గడచునప్పటికి అదే తుప్పు మరల కనబడును.