ఒక్క పేరా చేరిస్తే విషయసూచికంతా తారుమారు

సిద్ధాంత గ్రంథం రాసే పల్లెటూరి పిల్లలకు రాత ముగిసినా టైపు పని ముగియడం లేదు. గైడు ఒక్క పేరా చేర్చమంటే పేజీలు జరుగుతాయి. విషయసూచికలో అంకెలన్నీ తప్పుతాయి. మళ్లీ పట్నంలో డీటీపీ సెంటరు, మళ్లీ పేజీకింతని డబ్బు. గడువు ముంచుకొస్తుంటే ఇంట్లో పాల డబ్బులు కూడా అటే పోతున్నాయి.

కంప్యూటరును టైపు మిషనులా వాడటం వల్లే ఈ తిప్పలు. అధ్యాయం పేరును లావు చేసి, కొత్త పేజీ వచ్చేదాకా ఎంటరు మీట కొడుతూ పోతున్నారు. చూడటానికి శీర్షికే. అది శీర్షిక అని కంప్యూటరుకు మాత్రం తెలియదు.

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో 'స్టైల్స్' ఉన్నది ఇందుకే. అధ్యాయం పేరుకు 'హెడింగ్ 1', ఉపశీర్షికకు 'హెడింగ్ 2' పెట్టాలి. తర్వాత 'రిఫరెన్సెస్'లో 'టేబుల్ ఆఫ్ కంటెంట్స్' నొక్కితే పేజీ అంకెలతో సహా సూచిక తయారవుతుంది. పేజీలు జరిగినప్పుడు సూచికపై క్లిక్ చేసి ఎఫ్9 నొక్కితే అంకెలు సర్దుకుంటాయి. శీర్షికకు నీలిరంగు వచ్చిందని కొందరు భయపడి వదిలేస్తున్నారు. 'మాడిఫై'లో ఒక్కసారి నలుపు చేస్తే అన్ని అధ్యాయాలకూ మారుతుంది. కొత్త పేజీకి కంట్రోల్, ఎంటరు కలిపి నొక్కాలి.

ముందు పేజీలకు రోమన్ అంకెలు, అసలు గ్రంథానికి 1 నుంచి అంకెలు పెట్టేచోట చాలామంది చిక్కుకుంటారు. రెంటి మధ్య 'సెక్షన్ బ్రేక్' పెట్టి, 'లింక్ టు ప్రీవియస్' తీసేసి, రెండో భాగాన్ని 1తో మొదలుపెట్టాలి. అసలు గ్రంథం జోలికి పోకుండా ముందు నాలుగు ఉత్తుత్తి పేజీల మీద చేసి చూస్తే ఒక పూటలో పట్టుబడే పని ఇది. వర్డ్ కొనలేనివారికి లిబ్రె ఆఫీస్ రైటర్ ఉచితం. ఈ ఏర్పాట్లు అందులోనూ ఉన్నాయి, పేర్లు కొంచెం వేరు.

తెలుగులో రాసేవారికి ఇంకో బెడద ఉంది. అను ఫాంట్లలో కొట్టిన ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా పాత ఫాంట్లను వదలని సెంటర్లు ఉన్నాయి. టైపుకిచ్చేటప్పుడే యూనికోడ్‌లో కొట్టమని గట్టిగా అడగాలి. సగం అయ్యాక మార్పిస్తే ఒత్తులు అక్కడక్కడ తప్పుతాయి, ప్రతి పేజీ దిద్దుకోవాల్సిందే. ప్రింటుకు మాత్రం పీడీఎఫ్ చేసి ఇస్తే ఏ కంప్యూటరులో తెరిచినా పేజీలు కదలవు.