పెంకు మీద ఓటు, బానలో ఆశ

రిక్ రియోర్డన్ అనే అమెరికన్ మాస్టారు పదిహేనేళ్లు మిడిల్ స్కూలు పిల్లలకు ఇంగ్లిషు, చరిత్ర చెప్పాడు. ఆరో తరగతి వాళ్లకు ఆయన ఇచ్చిన హోంవర్కు ఒకటుంది. నచ్చిన గ్రీకు దేవుణ్ణి ఎంచుకోండి, ఆ దేవుడికి మనుషుల్లో పుట్టిన కొడుకునో కూతురునో ఊహించండి, ఆ బిడ్డను ఓ సాహసయాత్రకు పంపి కథ రాయండి. కొన్నాళ్లకు ఇంట్లో సొంత కొడుకు పడుకునే ముందు గ్రీకు కథలు చెప్పమని పట్టుబట్టేవాడు. చెప్పీ చెప్పీ తెలిసిన కథలన్నీ అయిపోయాయి. అప్పుడు ఆ పాత హోంవర్కు గుర్తొచ్చింది. అదే 2005లో ‘ద లైట్నింగ్ థీఫ్’గా అచ్చయింది, పెర్సీ జాక్సన్ వరుసలో మొదటి పుస్తకం. పన్నెండేళ్ల పెర్సీకి పుస్తకం తెరిస్తే ఇంగ్లిషు అక్షరాలు కుదురుగా నిలవవు. వాడి బుర్ర ప్రాచీన గ్రీకు చదవడానికి తయారైనది కావడమే అందుకు కారణమని కథ చెబుతుంది. చదువులో వెనకబడ్డ పిల్లలు ఆ ఒక్క మాటకే ఆ పుస్తకాన్ని గుండెకు హత్తుకుని ఉంటారని నా నమ్మకం.

కాలిఫోర్నియాలో ఆరో తరగతి చరిత్ర అంటే ప్రాచీన నాగరికతలే. మెసొపొటేమియా, ఈజిప్టు, గ్రీసు, ఇండియా, చైనా, రోము అన్నీ ఆ ఒక్క ఏడాదిలోనే వస్తాయి. అక్కడ పెరుగుతున్న తెలుగు పిల్లలకు హోమరూ అశోకుడూ ఒకే పాఠ్యపుస్తకంలో ఎదురవుతారు. పదకొండు, పన్నెండేళ్ల వయసు ఈ పాఠాలకు భలే సరిపోతుంది. కథంటే ఇంకా చెవి కోసుకుంటారు, ‘నిజంగా జరిగిందా? ఎక్కడ రాసుంది?’ అని నిలదీయడమూ అప్పుడే మొదలుపెడతారు. ఆ రెండో ప్రశ్న పట్టుకుని తిరిగితే గ్రీసులో దొరికే విశేషాలకు అంతుండదు.

✦

ట్రాయ్ గుర్రం ఇలియడ్‌లో ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. ఇరవై నాలుగు భాగాల ఆ కావ్యం పదేళ్ల యుద్ధంలో చివరి ఏటి నుంచి కొన్ని వారాలను మాత్రమే తీసుకుని, ట్రాయ్ వీరుడు హెక్టర్ అంత్యక్రియలతో ముగుస్తుంది. అప్పటికి ట్రాయ్ కూలలేదు, గ్రీకు వీరుడు ఆకిలీస్ చావలేదు. కొయ్యగుర్రం మాట హోమర్‌లో కావాలంటే ఒడిస్సీ తెరవాలి.

మడమ సంగతీ అంతే. తల్లి చిన్ననాడే ఆకిలీస్‌ను స్టిక్స్ నదిలో ముంచిందనీ, ఆమె పట్టుకున్న మడమ ఒక్కటే తడవక బలహీనంగా మిగిలిపోయిందనీ కథ. హోమర్‌కు ఈ కథతో పనిలేదు. ఇలియడ్ ఇరవయ్యొకటో భాగంలో ఒక ఈటె ఆకిలీస్ చేతిని గీరితే నల్లని నెత్తురు చిమ్ముతుంది! నదిలో ముంచిన కథ మనకు అందేది క్రీ.శ. మొదటి శతాబ్దపు రోమన్ కవి స్టేషియస్ దగ్గర. తెలుగు పిల్లలకు ఇది చెబితే జర అనే వేటగాడు, కృష్ణుడి పాదానికి తగిలిన బాణం వెంటనే గుర్తొస్తాయి. గుర్తు రానివ్వాలి. ‘ఆ కథ ఏ పర్వంలో ఉంది?’ అని అడిగితే ఇంటికెళ్లి మౌసల పర్వం వెతుకుతారు. ఒక్క పాఠానికి రెండు కావ్యాలు!

✦

గ్రీకు పురాణంలో పండోర తెరిచింది పెట్టె కాదు, బాన. ప్రాచీన గ్రీకు కవి హీసియడ్ వాడిన మాట ‘పిథోస్’. ధాన్యం, నూనె, ద్రాక్షసారా దాచుకునే నిలువెత్తు మట్టిపాత్ర అది. పదహారో శతాబ్దంలో ఎరాస్మస్ అనే పండితుడు లాటిన్‌లో ఈ కథ చెబుతూ ‘పిథోస్’ బదులు ‘పిక్సిస్’ అన్నాడు, అంటే చిన్న డబ్బా. అప్పటినుంచి బొమ్మల్లో, సామెతల్లో పెట్టే స్థిరపడింది. బానలోంచి రోగాలు, బాధలు బయటికి పోయాక అడుగున ఆశ ఒక్కటే ఉండిపోయింది. ఆ ఆశ మనకోసం భద్రంగా ఉన్నట్టా, మనకు దక్కకుండా లోపలే చిక్కుకున్నట్టా? ఏడో తరగతిలో ఈ ప్రశ్న వేసి మాస్టారు పక్కకు తప్పుకుంటే చాలు, గంట కొట్టేదాకా వాదన ఆగదు.

✦

ఇప్పుడు తొక్కుడుబిళ్ల ఆడే చిల్లపెంకు ఒకటి చేతిలోకి తీసుకోండి. క్రీ.పూ. అయిదో శతాబ్దంలో ఏథెన్స్‌లో అదే ఓటుచీటీ. ఈజిప్టు నుంచి రావాల్సిన పపైరస్ ఖరీదు, పగిలిన కుండల పెంకులు ఉచితం. నగరానికి ప్రమాదకరంగా మారుతున్నాడని తోచినవాడి పేరు పౌరులు పెంకు మీద గీసేవారు. ఆరు వేల పెంకులు పడితే, ఎక్కువ పెంకుల మీద పేరున్నవాడు పదేళ్లు ఊరు వదిలి పోవాలి. ఆస్తి మాత్రం జప్తు చేయరు, గడువు తీరాక తిరిగి రావచ్చు. పెంకును వాళ్లు ‘ఓస్ట్రకాన్’ అనేవారు. వెలివేయడానికి ఇంగ్లిషులో వాడే ‘ఆస్ట్రసైజ్’ ఆ మాట నుంచి పుట్టిందే. కెరమైకోస్ అనే కుమ్మరుల పేటలో ఇలాంటి పెంకులు ఎనిమిది వేలకు పైగా దొరికాయి.

అన్నిటికంటే గొప్ప నిధి దొరికింది మాత్రం 1937లో, అక్రోపొలిస్ ఉత్తరపు వాలులోని ఒక పాత బావిలో. అందులో దాదాపు 190 పెంకులున్నాయి. వాటి మీద ఒకే పేరు, థెమిస్టోక్లిస్. సలామిస్ సముద్రయుద్ధంలో పర్షియన్లను ఓడించిన వీరుడాయన. దస్తూరీ పరిశీలిస్తే ఆ పెంకులన్నీ కేవలం పద్నాలుగు మంది చేతులతో రాసినవని తేలింది. అంటే ముందే రాసి పెట్టుకుని, జనానికి పంచడానికి సిద్ధం చేసుకున్నారన్నమాట. తరగతిలో నలభై కాగితాలు ఇచ్చి, అందులో ముప్ఫై కాగితాలు ఇద్దరే రాసినవి కలిపి, ‘ఏదో తేడా ఉంది, కనిపెట్టండి’ అంటే పిల్లలు నిమిషాల్లో పట్టేస్తారు. చరిత్రకారుడి పనేమిటో ఇంతకంటే బాగా చెప్పే పాఠం నాకు తెలియదు. ఇదే పాఠంలో ఆ ఓటు ఎవరికి లేదో కూడా చెప్పి తీరాలి. ఆడవాళ్లకు లేదు, బానిసలకు లేదు, బయటి ఊళ్ల నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లకు లేదు. ఏథెన్స్ ప్రజాస్వామ్యం గొప్పదని చెప్పి ఇది దాచిపెడితే పిల్లలకు సగం పాఠమే అందుతుంది.

✦

థెర్మోపిలే అనగానే మూడు వందల మంది స్పార్టన్లు. క్రీ.పూ. 480లో పర్షియన్లకు అడ్డంగా ఆ కనుమ దగ్గర మొదట నిలిచిన గ్రీకులు సుమారు ఏడు వేలు. చివరి రోజున స్పార్టన్లతో పాటు ఆగిపోయి ప్రాణాలిచ్చినవాళ్లలో థెస్పియే అనే చిన్న ఊరి మనుషులు ఏడు వందల మంది. ఆ ఏడు వందల గురించి పిల్లలకు చెప్పండి.

✦

మారథాన్ యుద్ధం క్రీ.పూ. 490లో జరిగింది. పర్షియన్లతో యుద్ధాల కాలంలో పుట్టిన చరిత్రకారుడు హెరొడోటస్ రాసింది మనం వినే పరుగు గురించి కాదు, వేరే పరుగు గురించి. యుద్ధానికి ముందు సాయం అడగడానికి ఫైడిపిడీస్ ఏథెన్స్ నుంచి స్పార్టాకు పరుగెత్తి మర్నాటికల్లా చేరాడట. దూరం సుమారు 240 కిలోమీటర్లు! మారథాన్ నుంచి ఏథెన్స్‌కు పరుగెత్తి, గెలిచామని చెప్పి కుప్పకూలిన వార్తాహరుడి కథ అయిదు శతాబ్దాలకు పైగా గడిచాక ప్లుటార్క్, లూషియన్ రాతల్లో కనిపిస్తుంది. నేటి 42.195 కిలోమీటర్ల లెక్క 1908 లండన్ ఒలింపిక్స్‌లో వచ్చింది.

✦

ప్రాచీన ఒలింపిక్స్ తొలినాళ్లలో ఉన్నది ఒకే ఒక్క పోటీ, సుమారు 192 మీటర్ల పరుగు. ఆ దూరం పేరు ‘స్టేడియన్’, స్టేడియం అందులోంచే వచ్చింది. సంప్రదాయం క్రీ.పూ. 776లో తొలి విజేతగా చెప్పే కొరోయిబోస్ వృత్తి వంటవాడు.

✦

మన అమ్మమ్మలు ఆడిన అచ్చనగండ్లు గ్రీకు అమ్మాయిలూ ఆడారు. అయిదు రాళ్లు పైకి ఎగరేసి అరచేతి వెనక పట్టుకునే ఆ ఆట పేరు ‘పెంటెలిథా’, అంటే అయిదు రాళ్లే. రాళ్లు లేకపోతే గొర్రె కాలి కీలు ఎముకలతో ఆడుకునేవారు. పాఠం మొదలుపెట్టే ముందు పది నిమిషాలు ఈ ఆట ఆడిస్తే గ్రీసు చాలా దగ్గరి ఊరైపోతుంది.

✦

సైన్సు టీచర్‌కూ ఇందులో పనుంది. గ్రీకు పురాణంలో టాంటలస్ శిక్ష ఇది: మెడలోతు నీళ్లలో నిలబడతాడు, తాగబోతే నీళ్లు దిగిపోతాయి. 1802లో ఒక కొత్త లోహం దొరికింది. ఆమ్లంలో ముంచినా అది ఆమ్లాన్ని పట్టించుకోదు. అందుకే దానికి టాంటలం అని పేరు పెట్టారు. దాన్ని అంటిపెట్టుకుని ఉండే మరో మూలకానికి 1844లో నియోబియం అన్న పేరు వచ్చింది. నియోబి టాంటలస్ కూతురు. ఆవర్తన పట్టికలో ఇప్పటికీ కూతురు 41వ గడిలో, సరిగ్గా దాని కిందే తండ్రి 73వ గడిలో.

✦

పాఠాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ కొలిచిన నీడ. ఈజిప్టు దక్షిణాన సయీనీలో, అంటే నేటి అస్వాన్‌లో, ఏడాదిలో అతి పొడవైన పగటి రోజున మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తికి వస్తాడు. బావి అడుగు దాకా వెలుతురు పడుతుంది. అదే రోజు ఉత్తరాన అలెగ్జాండ్రియాలో నిలువు కర్రకు నీడ ఉంటుంది. ఆ నీడ చేసే కోణం వృత్తంలో యాభయ్యో వంతు. రెండు ఊళ్ల మధ్య దూరం 5,000 స్టేడియాలు. యాభైతో గుణిస్తే భూమి చుట్టుకొలత 2,50,000 స్టేడియాలు. క్రీ.పూ. మూడో శతాబ్దంలో, ఒక కర్రతో!

మన పిల్లలకు ఇందులో ఒక అదృష్టం ఉంది. తెలుగునేల కర్కటరేఖకు దిగువన ఉంది కాబట్టి సూర్యుడు ఏడాదిలో రెండుసార్లు మన నడినెత్తి మీదికి వస్తాడు. హైదరాబాదులో మే రెండో వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి. ఆ మధ్యాహ్నం నిలబెట్టిన గొట్టం నీడ దాని కిందికే దూరిపోతుంది. హైదరాబాదు బడి పిల్లలు ఆ రోజు ఢిల్లీలో ఉన్న బంధువులకు ఫోన్ చేసి, అక్కడ మీటరు కర్ర నీడ మధ్యాహ్నం ఎంతుందో కొలవమంటే సరి. సుమారు ఇరవై సెంటీమీటర్లు వస్తుంది, కోణం పదకొండు డిగ్రీలు దాటి ఉంటుంది. ఢిల్లీ దాదాపు నేరుగా ఉత్తరాన, సుమారు 1,250 కిలోమీటర్ల దూరంలో ఉంది. వృత్తంలో అలాంటి కోణాలు ముప్ఫై రెండు పడతాయి. గుణిస్తే 40 వేల కిలోమీటర్లు. భూమి చుట్టుకొలత అదే. పన్నెండేళ్ల చేయి ఆ లెక్క కట్టిన రోజున ఎరటోస్తనీస్ ఇక పాఠంలోని పేరుగా మిగలడు.

✦

పిల్లలకు ఏ పురాణకథ చెప్పాలి, ఏది దాచాలి అన్న గొడవ ఇవాళ్టిది కాదు. దేవుళ్లు కొట్టుకున్న కథలు, తండ్రి కొడుకును ఆకాశం నుంచి విసిరేసిన కథ పసివాళ్ల చెవిన పడకూడదని ప్లేటో తన ‘రిపబ్లిక్’లో వాదించాడు. ఆయన మాట నెగ్గి ఉంటే మనకు హోమర్ సగమే మిగిలేవాడు. దేవతల రాజు జ్యూస్ చేసిన అన్యాయాలను మసిపూసి మారేడుకాయ చేయనక్కర్లేదు, ఆ వయసుకు తగ్గట్టు చెబితే చాలు. అది తప్పని పిల్లలే తేలుస్తారు.

✦

1936లో లండన్‌లో ఒక ప్రదర్శనకు పద్నాలుగేళ్ల మైకేల్ వెంట్రిస్ వెళ్లాడు. క్రీటు దీవిలో పాత రాజభవనాన్ని తవ్వి తీసిన ఆర్థర్ ఇవాన్స్ అక్కడే ఉన్నారు. ఆయన చూపిన మట్టిపలకల మీది లిపిని ఇంకా ఎవరూ చదవలేదని ఆ కుర్రాడు విన్నాడు. పెద్దయ్యాక వాస్తుశిల్పి అయ్యాడు గానీ ఆ లిపిని వదల్లేదు. 1952లో, లీనియర్ బి అనే ఆ రాతలో ఉన్నది గ్రీకు భాషేనని బీబీసీ రేడియోలో ప్రకటించాడు. పలకల మీద ఎక్కువగా ఉన్నవి గొర్రెలు, ఉన్ని, నూనె లెక్కలు. కాల్చని పచ్చిపలకలవి. రాజభవనాలు తగలబడ్డప్పుడు ఆ మంటల్లోనే కాలి గట్టిపడి బతికాయి.

✦

ఏథెన్స్ పార్థెనాన్ నుంచి ఎల్గిన్ ప్రభువు ఊడదీయించిన శిల్పాలను 1816లో బ్రిటిష్ ప్రభుత్వం కొని బ్రిటిష్ మ్యూజియానికి ఇచ్చింది. వాటిని తిరిగి ఇవ్వాలా వద్దా అన్నది యూరప్, అమెరికా బడుల్లో పిల్లలతో నడిపించే వాదన. తెలుగు పిల్లలు ఆ వాదనలో దిగితే వాళ్ల చేతిలో మరో కాగితం ఉండాలి. అమరావతి స్తూపం నుంచి వాల్టర్ ఎలియట్ 1845లో తవ్వించిన శిల్పాలు 1859లో లండన్ చేరి, 1880లో అదే మ్యూజియంలోకి వెళ్లాయి. నూటికి పైగా పలకలు ఈనాటికీ అక్కడే ఉన్నాయి.

✦

గ్రీకు మాటలు మన నాలుక మీదా ఉన్నాయి. కేంద్రం గ్రీకు ‘కెంట్రాన్’, జ్యోతిషంలో చెప్పే హోర గ్రీకు ‘హోరా’, సొరంగం వెనక ‘సిరింక్స్’. గ్రీకులను మనవాళ్లు యవనులన్నది వాళ్ల అయోనియా పేరును బట్టి.

యవన రాజుల పేర్లు చూడాలంటే కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గరలో ఉన్న ఎర్రగుడి బండల దాకా వెళ్లాలి. అక్కడ అశోకుడి పద్నాలుగు ప్రధాన శాసనాలు చెక్కి ఉన్నాయి. వాటిలో పదమూడో శాసనం అంతియోకుడు, తురమయుడు, అంతికిని, మగ, అలికసుదరుడు అని అయిదుగురు యవన రాజుల పేర్లు చెబుతుంది. ఆంధ్రుల పేరు కూడా ఆ శాసనంలోనే ఉంది. తురమయుడంటే అలెగ్జాండ్రియాను ఏలిన టాలెమీ. మగ అంటే సిరీనీ రాజు మాగస్. కర్ర నీడతో భూమిని కొలిచిన ఎరటోస్తనీస్ పుట్టింది ఆ సిరీనీలోనే, ఆ మాగస్ కాలంలోనే.