కారు ఇంజను తనంతట తాను ఆగడం ఎందుకు మానివేస్తుంది?

ఈనాటి మోటారుకార్లలో పెక్కింటికి ఒక వింత ఏర్పాటు ఉన్నది. కూడలిలో ఎర్రదీపం పడి కారు నిలబడగానే ఇంజను తనంతట తానే ఆగిపోతుంది. డ్రైవరు బ్రేకు మీదినుండి కాలు తీసినప్పుడో, క్లచ్చి తొక్కినప్పుడో అది మరల తిరగడం ప్రారంభిస్తుంది. తాళపుచెవితో పని లేదు. ఈ ఊహ సరికొత్తది కాదు. 1970-80 మధ్యకాలంలోనే జపానులో టయోటా సంస్థవారు క్రౌన్ కార్లలో దీనిని అమర్చి చూశారు. మన దేశంలో 2014లో వచ్చిన స్ప్లెండర్ ఐస్మార్ట్ మోటారు సైకిలులోను, 2015లో వచ్చిన ఒక రకం మారుతీ సుజుకీ సియాజ్ కారులోను ఇది కనిపించింది.

దీనివలన ప్రయోజనమెంతో లెక్క కట్టి చూద్దాం. నిలబడి ఉన్న చిన్న పెట్రోలు కారు గంటకు సుమారు 0.6 లీటరు పెట్రోలును ఊరకనే కాలుస్తుందనుకుందాం. రోజుకు 40 నిమిషాలు కూడళ్ళలో గడిస్తే 0.4 లీటరు, ఏటా 300 రోజులకు 120 లీటర్లు ఖర్చవుతుంది. ఒక లీటరు పెట్రోలు మండితే దాదాపు 2.3 కిలోగ్రాముల కార్బన్ డయాక్సైడు పుడుతుంది. కనుక 276 కిలోగ్రాముల వాయువు ఒక్క కారునుండి వృథాగా గాలిలో కలుస్తుందన్నమాట.

అయితే కొంతకాలం గడచిన తరువాత చాలా కార్లలో ఈ ఏర్పాటు పనిచేయడం మానివేస్తుంది. ఎర్రదీపం ఎదుట కారు నిలబడినా ఇంజను తిరుగుతూనే ఉంటుంది. అది పాడైపోయిందని తలచి యజమాని స్టార్టరు మోటారును మార్పించబోతాడు. నిజానికి చాలాసార్లు అక్కడ ఏదీ విరిగిపోయి ఉండదు. ఇంజనును ఆపితే మరల కదిలించగలనన్న నమ్మకం చిక్కనందున, కారులోని కంప్యూటరే దానిని ఆపడం లేదు.

ఆపడానికి ముందు కంప్యూటరు ఎన్నో ప్రశ్నలు వేసుకుంటుంది. ఇంజను తగినంత వేడెక్కినదా? డ్రైవరు బెల్టు పెట్టుకున్నాడా? తలుపూ, బానెట్టూ మూసి ఉన్నాయా? కారు నిటారు వాలు మీద ఉన్నదా? బ్రేకులకు సాయపడే శూన్యం తగినంత మిగిలి ఉన్నదా? ఇంజను పీల్పువలన ఏర్పడే ఈ శూన్యం, ఇంజను ఆగినప్పుడు బ్రేకు తొక్కిన కొద్దీ తరిగిపోతుంది. చాలా కార్లలో చల్లదనమిచ్చే యంత్రం కూడా ఇంజను బెల్టుతోనే తిరుగుతుంది. మే నెల మధ్యాహ్నం విజయవాడలోనో, రామగుండంలోనో ఇంజను ఆగితే కారు లోపల వెంటనే ఉక్కపోస్తుంది. అందుచేత అట్టి వేళ కంప్యూటరు ఆపకపోవడం దోషం కాదు. ఎండ తగ్గగానే అది మరల తన పని చేస్తుంది.

ఎండాకాలమైనా, చలికాలమైనా ఇంజను ఆగకపోతున్నదంటే మొదట శంకించవలసినది బ్యాటరీని. ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న ఎదురవుతుంది. “ఉదయం కారు చక్కగా బయలుదేరుతున్నది, దీపాలు వెలుగుతున్నాయి, ఓల్టుమీటరు 12.6 ఓల్టులు చూపుతున్నది. ఇక బ్యాటరీలో లోపమేమిటి?” అని యజమాని అడుగుతాడు.

దీనికి సమాధానం ఉన్నత పాఠశాల విద్యార్థులు చదివే ఓం నియమంలోనే ఉన్నది. కారు బ్యాటరీలో ఒక్కొక్కటి సుమారు 2.1 ఓల్టులుగల ఆరు ఘటాలుంటాయి. ప్రతి ఘటానికీ కొంత అంతర్నిరోధం ఉంటుంది. స్టార్టరు మోటారు తిరగడానికి క్షణకాలం 250 ఆంపియర్ల విద్యుత్తు కావలెననుకుందాం. కొత్త బ్యాటరీ అంతర్నిరోధం 0.005 ఓము అయితే లోపల నష్టపోయేది 1.25 ఓల్టులు మాత్రమే, వెలుపలికి 11.35 ఓల్టులు వస్తాయి. పాత బ్యాటరీలో ఆ నిరోధం 0.015 ఓముకు పెరిగినదనుకోండి. అప్పుడు నష్టం 3.75 ఓల్టులు, మిగిలేవి 8.85 ఓల్టులే. విద్యుత్తు ప్రవహించనప్పుడు నష్టమేమీ ఉండదు గనుక, పనిలేని వేళ ఓల్టుమీటరు రెండింటికీ ఒకే అంకె చూపవచ్చును. నిండుకుండ మూతి సన్నబడితే నీరున్నా ధార రాదు కదా! ఈ భేదాన్ని పసికట్టడానికే ఇట్టి కార్లలో బ్యాటరీ ఋణధ్రువం దగ్గర ఒక చిన్న సాధనాన్ని అమర్చుతారు. విద్యుత్తును, ఓల్టేజిని, ఉష్ణోగ్రతను అది ఎడతెగకుండా కొలుస్తూ ఉంటుంది.

నిరోధం పెరగడానికి కారణం రసాయనికమైనది. ఘటంలో సీసపు పలక, సీసపు డయాక్సైడు పలక గంధకికామ్లంలో మునిగి ఉంటాయి. విద్యుత్తునిచ్చేటప్పుడు రెండు పలకలమీదా సీసపు సల్ఫేటు ఏర్పడుతుంది. వెంటనే విద్యుత్తును తిరిగి ఎక్కిస్తే అది కరగి పూర్వస్థితి వస్తుంది. సగం ఖాళీగా చాలాకాలం ఉంచితే సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకొని, ఇక సులభంగా మారదు. మన ప్రాంతపు ఎండలు పలకల తుప్పును త్వరితం చేసి ఈ కీడును మరింత పెంచుతాయి.

బ్యాటరీని అలసటపరచేది మాటిమాటికీ ఇంజనును కదిలించడమేనని చాలామంది తలుస్తారు. లెక్క వేరే విధంగా చెబుతుంది. 200 ఆంపియర్ల చొప్పున 0.7 సెకండు కదిలిస్తే ఖర్చయ్యేది 140 కూలుంబులు. ఇంజను ఆగిన ఒక్క నిమిషంలో దీపాలు, గాలిపంకా, రేడియో కలిసి 30 ఆంపియర్లు తీసుకుంటే ఖర్చయ్యేది 1,800 కూలుంబులు. అనగా కదిలించడం కన్న నిలబడటమే పన్నెండు రెట్లకు పైగా ఖరీదైనది. ఇట్లు ఇరవై సార్లు ఆగితే నిలబడినందుకే 10 ఆంపియర్-గంటలు తరుగుతాయి. అరవై ఆంపియర్-గంటల బ్యాటరీలో ఇది ఆరవవంతు. ఈ లోటును ఆల్టర్నేటరు దారిలో పూడ్చాలి. కాని సీసపు బ్యాటరీ నిండవచ్చిన కొద్దీ విద్యుత్తును నెమ్మదిగా స్వీకరిస్తుంది. చివరి భాగం నిండడానికి గంటలు పడుతుంది. బడికీ, బజారుకూ మూడేసి కిలోమీటర్లు తిరిగే కారులో బ్యాటరీ ఎప్పటికీ నిండదు.

కనుక ఇంజను ఆగడం మానినప్పుడు చేయవలసినదేమి? మొదట కారును ఒక దీర్ఘప్రయాణం చేయించడమో, తగిన ఛార్జరుతో రాత్రంతా విద్యుత్తు ఎక్కించడమో మంచిది. ఫలితం లేకపోతే బరువు మోపి బ్యాటరీని పరీక్ష చేయించాలి. అనగా ఎక్కువ విద్యుత్తును తీస్తూ ఓల్టేజిని కొలవాలి. మార్చవలసి వస్తే చవకగా దొరికే సాధారణపు బ్యాటరీ పనికిరాదు. ఈ కార్లకు గాజునూలు పరుపులో ఆమ్లాన్ని ఇమిడ్చిన రకమో, పలకలను బలపరచిన రకమో ఉంటుంది. ఏది ఉన్నదో అదే వేయాలి. కొత్త బ్యాటరీ పెట్టిన సంగతిని చాలా కార్లలో కంప్యూటరుకు తెలియజేయవలసి ఉంటుంది. అదనపు దీపాల తీగలను నేరుగా ఋణధ్రువానికి తగిలిస్తే ఆ విద్యుత్తు కొలిచే సాధనం గుండా పోదు, లెక్క తప్పుతుంది.

ఈ సూచనను అలక్ష్యం చేసేవారికి నష్టం పెట్రోలుతో ముగియదు. కూడలిలో ఆగని ఇంజను, మరికొన్నాళ్ళకు ఊరు కాని ఊరిలో రాత్రివేళ అసలే కదలక పోవచ్చును. మరొక హెచ్చరిక కూడ అవసరం. తనంతట తాను ఆగిన ఇంజను తనంతట తానే కదలగలదు. తాళం తీయకుండ బానెట్టు క్రింద చేయి పెట్టరాదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. ఒక కొత్త టార్చి ఘటాన్ని, వాడి పారవేసిన మరొక ఘటాన్ని తీసుకొని ముందుగా ఓల్టుమీటరుతో కొలవండి. భేదం స్వల్పంగానే కనబడవచ్చును. తరువాత ఒక్కొక్కదానికి చిన్న బల్బును తగిలించి, అది తగిలి ఉండగానే మరల కొలవండి. పాత ఘటపు ఓల్టేజి ఎంత క్రిందికి దిగినదో విద్యార్థులచేత వ్రాయించండి. ఆ రెండు కొలతల భేదాన్ని విద్యుత్తుతో భాగిస్తే వచ్చేదే అంతర్నిరోధం. కారులోని కంప్యూటరు చూసుకునే లెక్కలలో ఇదీ ఒకటి.