ఒంటి నిట్రాడు ఊళ్లు

ఊరికో పరిశ్రమ వస్తే చాలనుకుంటాం. ఎన్ని వచ్చాయన్నది ఎంత ముఖ్యమో, ఏవేవి వచ్చాయన్నదీ అంతే ముఖ్యం. పదేళ్ల తర్వాత ఆ ఊళ్లో పిల్లలకు కొలువులుంటాయో లేదో చాలావరకూ తేల్చేది అదే!

ఊళ్లో ఓ ఫ్యాక్టరీ నడుస్తుంటే కిరాణా కొట్టు నడుస్తుంది. టిఫిన్‌ బండి దగ్గర జనముంటారు. ఆటోకి బేరాలుంటాయి. మరి అదే ఫ్యాక్టరీకి తాళం పడితే? జీతం ఆగేది కార్మికుడికే అయినా, ఆ లోటు ఊరంతా పాకుతుంది.

కాగజ్‌నగర్‌నే చూడండి. కాగజ్‌ అంటే కాగితం. పరిశ్రమే ఊరి పేరైపోయింది. నిజాం కాలంలో పెట్టిన సిర్పూర్‌ పేపర్‌ మిల్లు చుట్టూ పెరిగిన పట్టణమది. ఊరికి రెండో ఆసరాగా ఉండిన సర్‌సిల్క్‌ మిల్లు 1980ల్లోనే మూతపడింది. ఇక మిగిలింది కాగితమే. 2014లో అదీ ఆగిపోయింది. 2018లో జేకే పేపర్‌ సంస్థ చేతికి వచ్చాక గానీ మిల్లుకు మళ్లీ కదలిక రాలేదు. నాలుగేళ్లు! కాగితం యంత్రం నడపడంలో ఆరితేరిన మనిషికి ఊళ్లో రెండో కాగితం మిల్లు లేదు. చేతిలో పనితనం ఉన్నా, దాన్ని అడిగేవారు లేరు. ఒంటి నిట్రాడు మీద నిలిచిన ఇల్లు ఎలాంటిదో ఇలాంటి ఊళ్లూ అలాంటివే. నిట్రాడు గట్టిగా ఉన్నన్నాళ్లూ ఏ చింతా లేదు.

లెక్క తేల్చేదిలా...

ఓ ప్రాంతంలో ఉద్యోగాలు ఎందుకు పెరిగాయో, ఎందుకు తగ్గాయో విడమరచడానికి ఆర్థికవేత్తలు ‘షిఫ్ట్‌-షేర్‌’ అనే పద్ధతి వాడతారు. పేరు కొత్తగా ఉన్నా లెక్క తేలికే.

రెండు ఊళ్లున్నాయనుకుందాం. ఒక్కో ఊళ్లో 1,000 ఉద్యోగాలు. దేశం మొత్తమ్మీద ఉద్యోగాలు 5 శాతం పెరిగాయి. కానీ బట్టల మిల్లుల్లో 10 శాతం తగ్గాయి, మందుల కంపెనీల్లో 20 శాతం పెరిగాయి. మొదటి ఊళ్లో 900 మంది బట్టల మిల్లులో, 100 మంది మందుల కంపెనీలో ఉన్నారు. రెండో ఊళ్లో చెరి 500. దేశం పోకడే ఊళ్లోనూ సాగితే మొదటి ఊళ్లో 90 ఉద్యోగాలు పోయి 20 వస్తాయి. మిగిలేవి 930. రెండో ఊళ్లో 50 పోయి 100 వస్తాయి. అంటే 1,050. రెండు చోట్లా జనం కష్టపడేది ఒకటే. తేడా అంతా ఊళ్లో ఉన్న పరిశ్రమల కలగలుపులోనే!

చివరికి మొదటి ఊళ్లో నిజంగా 950 ఉద్యోగాలు తేలాయనుకోండి. ఆ అదనపు 20 ఊరి సొంత బలం. మంచి రోడ్డో, నిపుణులైన పనివారో, సమర్థుడైన యజమానో కారణం కావచ్చు. దేశం గాలి, పరిశ్రమల కలగలుపు, ఊరి సత్తా... ఈ మూడింటినీ విడదీసి చూపడమే ఈ లెక్క ఉపయోగం.

బొగ్గు పెరిగింది, కొలువు తగ్గింది

పరిశ్రమ బాగుంటే ఉద్యోగాలూ బాగుంటాయన్నది మరో నమ్మకం. సింగరేణి కథ వేరేలా ఉంది. 1990ల మొదట్లో అక్కడి కార్మికుల సంఖ్య లక్ష దాటి ఉండేది. తవ్వే బొగ్గు ఏడాదికి సుమారు 2 కోట్ల టన్నులు. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులకు చేరింది. పర్మినెంటు ఉద్యోగులు మాత్రం 40 వేల దరిదాపుల్లోనే ఉన్నారు. భూగర్భ గనుల స్థానంలో ఓపెన్‌కాస్ట్‌ గనులు, తట్టా చెమ్మస్‌ల స్థానంలో భారీ యంత్రాలు వచ్చాయి. కంపెనీ మూతపడలేదు. అయినా తండ్రి చేసిన ఉద్యోగం కొడుక్కి దొరకడం గగనమైంది. బొగ్గే ఆధారమైన పట్టణాలకు ఇదే అసలు పరీక్ష.

ఒకటి వాడితే మరొకటి చిగురించి...

ఇక హైదరాబాద్‌ సంగతి. బాలానగర్‌లోని ఐడీపీఎల్‌ ఒకప్పుడు మందుల తయారీకి పెద్ద బడి లాంటిది. ప్రభుత్వ రంగంలోని ఆ సంస్థ 1990ల్లో ఖాయిలా పడింది. నగరం మాత్రం మందుల రంగంలో వెనకబడలేదు. ఎందుకంటే అక్కడ పని నేర్చినవారు అప్పటికే బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్‌ రెడ్డీస్‌ను 1984లో స్థాపించిన కల్లం అంజిరెడ్డి అక్కడ పనిచేసినవారే. మందు మీద కాకుండా తయారీ విధానం మీదే పేటెంటు ఇచ్చిన 1970 నాటి చట్టం కూడా ఈ కంపెనీలకు కలిసొచ్చింది.

పక్కనే బీహెచ్‌ఈఎల్‌, ఈసీఐఎల్‌, బీడీఎల్‌, మిధాని... వాటికి విడిభాగాలు చేసిచ్చే చిన్న చిన్న యూనిట్లు. ఇన్ని రంగాలు ఒకే చోట ఉంటే ఒకదాని మనిషి మరోదాని గడప తొక్కుతాడు. 1993లో శాంతా బయోటెక్నిక్స్‌ను మొదలుపెట్టిన వరప్రసాద్‌రెడ్డి చదివింది ఎలక్ట్రానిక్స్‌ ఇంజినీరింగ్‌. ఆ సంస్థ 1997లో హెపటైటిస్‌-బి టీకా తెచ్చింది. 1998లో సైబర్‌ టవర్స్‌ తెరుచుకునేనాటికే నగరంలో ఇంజినీర్లకూ, సాంకేతిక విద్యకూ కొదవలేదు.

అంతరపంట సూత్రం

సీమ రైతుకు ఇదంతా ఎవరూ చెప్పక్కర్లేదు. వేరుసెనగలో కంది సాళ్లు వేస్తాడు. వాన మొహం చాటేసి సెనగ దెబ్బతిన్నా, కంది కాస్తయినా చేతికొస్తుందని ఆశ. పట్టణాలకూ ఇదే సూత్రం. తడ దగ్గరి శ్రీసిటీలో చాక్లెట్లు, ఏసీలు, మెట్రో రైలు పెట్టెలు ఒకే ఆవరణలో తయారవుతున్నాయి. ఒకదానికి గిరాకీ తగ్గితే మరొకటి ఆదుకునే వీలుంది.

అయితే ఏవో నాలుగు పరిశ్రమలు పక్కపక్కన ఉంటే సరిపోదు. ఒకదాంట్లో నేర్చిన పని మరోదాంట్లో పనికిరావాలి. ఫిట్టరుకు, ఎలక్ట్రీషియన్‌కు, వెల్డరుకు చాలా చోట్ల తలుపులు తెరుచుకుంటాయి. ఒకే యంత్రానికి అంకితమైన పనివాడికి అన్ని దారులుండవు. స్థానిక ఐటీఐలో ఏ కోర్సులున్నాయన్నది అందుకే పెద్ద ప్రశ్న.

ఊరికి కొత్త ఫ్యాక్టరీ వస్తోందంటే మొదట అడిగేది ‘ఎన్ని ఉద్యోగాలు?’ అనే. అడగాల్సిందే. దాంతోపాటు మరో ప్రశ్న కూడా అడగాలి: ‘రేపు ఇది ఆగిపోతే, ఇక్కడ పని నేర్చినవారు ఊరు విడవకుండా ఏం చేయగలరు?’ దానికి జవాబున్న ఊళ్లో యువతకు బతుకుతెరువు వెతుక్కుంటూ రైలెక్కాల్సిన అవసరం తగ్గుతుంది.